16 బిట్ల పెట్టె, వెలగని ఎర్ర దీపం

ఈ షార్ట్‌వేవ్ రేడియో రిసీవర్ నా బల్ల మీదకు వచ్చి ఎనిమిది నెలలైంది. మొదటి వారంలో రాసి ఉంటే ఆకాశానికెత్తేవాణ్ని. రెండో నెలలో రాసి ఉంటే తిట్టిపోసేవాణ్ని. ఇప్పుడు మోజూ కోపమూ రెండూ చల్లారాయి కాబట్టి రాస్తున్నాను.

కంపెనీ పేరు రాయడం లేదు. రాస్తే చదివేవాళ్లు పెట్టె సంగతి వదిలేసి పేరు మీద పడతారు. పైగా లోపలి అమరిక ఇలాగే ఉన్నవి ఇంకా ఉన్నాయి, నేను చెప్పేది వాటికీ చాలావరకు వర్తిస్తుంది. అమరిక ఇదీ: యాంటెన్నా నుంచి వచ్చినదాన్ని మిక్సర్ (ఫ్రీక్వెన్సీని మార్చే దశ) గొడవ లేకుండా నేరుగా 16 బిట్ల ఏడీసీకి, అంటే వోల్టేజీని అంకెలుగా మార్చే చిప్‌కు, ఇస్తారు. అది సెకనుకు 12 కోట్ల 28 లక్షల 80 వేల సార్లు వోల్టేజీని కొలుస్తుంది. ఆ అంకెల ప్రవాహంలోంచి మనకు కావలసిన ముక్కను ఒక ఎఫ్‌పీజీఏ చిప్ (కావలసిన లెక్కల సర్క్యూట్‌ను లోపల అమర్చుకోగల చిప్) విడదీసి నెట్‌వర్క్ కేబుల్ మీద కంప్యూటర్‌కు పంపుతుంది. మిగతాదంతా సాఫ్ట్‌వేర్. ముందువైపు నాబ్ ఒక్కటీ లేదు. పవర్ దీపం ఒకటి, ఓవర్‌లోడ్ అయితే వెలగాల్సిన ఎర్ర దీపం ఒకటి. ఆ రెండో దీపం గురించే నా కథంతా.

ముందు నా సంగతి ఒక్క మాట. ముప్పై ఏళ్లు సౌండ్ రికార్డింగ్‌లో పనిచేశాను. మీటరు ఎరుపులోకి పోకుండా కాపలా కాయడమే నా జీవితమని ఇంట్లోవాళ్లు నవ్వేవాళ్లు. రేడియో రాత్రిపూట వ్యసనం. ఎక్కువగా 7 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో మోర్స్ కోడ్ వింటాను, పంపుతాను. మోర్స్ నేర్పిన గురువుగారికి ఇప్పుడు ఎనభై దాటాయి. ఆయన క్రిస్టల్ ఫిల్టర్లున్న పాత అనలాగ్ సెట్టును స్వయంగా విప్పి, మార్చి, మళ్లీ బిగించి వాడుతుంటారు. నేను ఈ పెట్టె కొన్నానని చెప్పగానే ఆయన అడిగింది ఒక్కటే: "ఏమయ్యా, దాని ముందు ఫిల్టర్లేమున్నాయి?" నేను బిట్ల సంఖ్య చెప్పాను. "అది కాదయ్యా నేనడిగింది" అన్నారు. ఆ ప్రశ్న విలువ నాకు ఎనిమిది వారాల తర్వాత గాని తెలియలేదు.

మొదటి రాత్రి సంగతి చెప్పకపోతే అన్యాయమవుతుంది. స్క్రీన్ మీద బ్యాండ్ మొత్తం జలపాతంలా కిందికి జారుతుంటే, ఒక్కో మోర్స్ స్టేషనూ సన్నటి చుక్కల గీతలా కనపడుతుంటే, ముప్పై ఏళ్లుగా చీకట్లో తడుముకుంటున్న గదిలో ఎవరో లైటు వేసినట్టయింది. ఎవరు ఎక్కడ పిలుస్తున్నారో చెవి పెట్టకముందే కంటికి తెలుస్తుంది. నాబ్ తిప్పుతూ వెతకడంలో ఉండే రుచి పోయిందని గురువుగారంటారు. పోయింది నిజమే. నాకు బెంగ లేదు.

సమస్య రెండో వారంలో మొదలైంది. 7.03 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే మోర్స్ తప్ప ఇంకేమీ ఉండకూడని చోట, మాటలూ పాటా కలిపి నలిపినట్టు ఒక గొణుగుడు. దానికి తోడు బ్యాండంతా టపటపమంటూ అడుగు హోరు (స్టేషన్ లేని చోట కూడా ఉండే హోరు) పైకి లేచి మళ్లీ పడిపోయేది. కొన్ని రాత్రులు ఉండేది, కొన్ని రాత్రులు అసలు ఉండేది కాదు. మొదట పక్కింటి చార్జర్‌ను అనుమానించాను. తర్వాత నా ఎల్‌ఈడీ బల్బుల్ని ఒక్కొక్కటే ఆపి చూశాను. ఓ రాత్రి ఫ్రిజ్ కూడా ఆపాను, పొద్దున దానికి వేరే శిక్ష పడింది. ఎర్ర దీపం మాత్రం ఒక్కసారీ వెలగలేదు. అందుకే పెట్టెను అనుమానించలేదు. మీటరు ఎరుపులో లేకపోతే తప్పు ఇంకెక్కడో ఉందనుకోవడం నా వృత్తి నేర్పిన అలవాటు. ఇక్కడ ఆ అలవాటే కొంప ముంచింది.

దొంగను పట్టడానికి పాత చిట్కా ఒకటుంది. గొణుగుడు వస్తున్నప్పుడు యాంటెన్నా దారిలో 10 డెసిబెల్ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించే ముక్క) పెట్టండి. అది నిజంగా గాల్లోంచి వచ్చే సిగ్నలైతే 10 డెసిబెల్లే తగ్గుతుంది. రిసీవర్ లోపల పుట్టిన దయ్యమైతే అంతకంటే ఎక్కువ తగ్గుతుంది. మామూలు అనలాగ్ సర్క్యూట్లో మూడో తరగతి ఇంటర్‌మాడ్యులేషన్ (బలమైన సిగ్నళ్లు లోపల కలిసి లేని సిగ్నల్‌ను పుట్టించడం) అయితే లెక్క ప్రకారం 30 తగ్గాలి. నాది 10 కాదు, 30 కాదు, పూర్తిగా మాయమైంది. టపటప కూడా ఆగిపోయింది. అంటే ఏడీసీ తలకొట్టుకుంటోంది, దీపం చూసీ చూడనట్టు ఊరుకుంటోంది.

ఇది రికార్డింగ్ చేసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది, మిగతావాళ్లకు కొంచెం చెప్పాలి. మిక్సింగ్ డెస్క్ మీద ఇరవై నాలుగు ఫేడర్లుంటాయి. ఏ ఒక్క చానెలూ ఎరుపులో ఉండదు, అన్నీ బుద్ధిగా పచ్చలోనే ఉంటాయి. కానీ అన్నీ కలిసే మాస్టర్ దగ్గర అలలు ఒకదాని మీద ఒకటి ఎక్కిన క్షణంలో అంచు తెగిపోతుంది. నేరుగా శాంపిల్ చేసే రిసీవర్లో ఏడీసీ ఆ మాస్టర్ లాంటిది. మీరు స్క్రీన్ మీద 7 మెగాహెర్ట్జ్‌లో 50 కిలోహెర్ట్జ్ ముక్కే చూస్తుండవచ్చు. ఏడీసీ మాత్రం యాంటెన్నా పట్టిన ప్రతి మీడియంవేవ్ స్టేషన్నీ, ప్రతి షార్ట్‌వేవ్ ప్రసారాన్నీ, మీ పొరుగు హామ్‌నీ (అమెచ్యూర్ రేడియో ఆపరేటర్‌నీ), అందర్నీ ఒకే వోల్టేజీగా చూస్తుంది.

అంకెల్లో చెబితే, ప్రీయాంప్ (సిగ్నల్‌ను ముందే పెంచే దశ) ఆపినప్పుడు ఈ పెట్టె తట్టుకునే గరిష్ఠం సుమారు 0 డీబీఎం, అంటే ఒక మిల్లీవాట్. ఎస్-మీటరు (సిగ్నల్ బలం చూపే మీటరు) మీద ఎస్9 అంటే షార్ట్‌వేవ్‌లో మైనస్ 73 డీబీఎం. రాత్రిపూట పెద్ద ప్రసార స్టేషన్ ఎస్9కు పైన 60 డెసిబెల్‌తో వస్తే మైనస్ 13. ఒక్కటే అయితే ఇంకా 13 డెసిబెల్ జాగా ఉంది, హాయిగా ఉండొచ్చు. అలాంటివి నాలుగుంటే? వాటి అలల శిఖరాలు కలిసిన క్షణంలో వోల్టేజీ నాలుగింతలు, అంటే 12 డెసిబెల్. మైనస్ 1కి చేరాం. ఐదోది వస్తే అంచు తెగింది. ఇది ఉత్త క్యారియర్ల (మాటా పాటా ఎక్కించని మూల అలల) లెక్క. ఏఎమ్ స్టేషన్లో నూరు శాతం మాడ్యులేషన్ వచ్చినప్పుడు ఆ ఒక్కదాని వోల్టేజీయే రెండింతలవుతుంది. ఇక 20 డెసిబెల్ ప్రీయాంప్ కూడా ఆన్‌లో ఉంటే ఈ లెక్కలు వేయనక్కర్లేదు, ఎప్పుడో మునిగిపోయి ఉంటాం. ఈ పెట్టె సాఫ్ట్‌వేర్ మొదటిసారి తెరిస్తే ప్రీయాంప్ ఆన్‌లోనే ఉంటుంది. ఎందుకో నాకు అర్థం కాదు. కొత్తవాడికి మొదటి నిమిషంలో సిగ్నళ్లు ఘనంగా కనపడాలని కాబోలు.

అనలాగ్ సెట్టు మునిగేటప్పుడు మెల్లగా మునుగుతుంది, ముందే మూలుగుతుంది. ఏడీసీకి ఆ మర్యాద లేదు. 0 డీబీఎంకు ఒక్క మెట్టు కిందవరకు గాజులా శుభ్రంగా ఉంటుంది, ఒక్క మెట్టు పైన అల నెత్తిని కత్తిరించేస్తుంది. కత్తిరించిన ప్రతి శాంపిల్లోనూ అక్కడున్న స్టేషన్లన్నీ ఒకదానితో ఒకటి కలిసి ముద్దవుతాయి. అందుకే ఇలాంటి రిసీవర్లకు పాత పుస్తకాల్లోలాగా ఐపీ3 అంకె (ఇంటర్‌మాడ్యులేషన్‌ను ఎంత తట్టుకుంటుందో చెప్పేది) చెబితే దానికి పెద్ద అర్థం లేదు. ఆ అంకె ఒక సాఫీ వంపును ఊహించుకుని వేసిన గీత. ఇక్కడ వంపు లేదు, గోడ ఉంది.

సరే, ఏడీసీ మునుగుతోందని తెలిసింది. కొన్ని రాత్రులే ఎందుకు? ఇక్కడే ఈ పెట్టెకు నేను మార్కులు కోసేది.

ఆ గొణుగుడులో ఎవరున్నారో చెవులు రిక్కించి విన్నాను. రెండు స్టేషన్లు. ఒకటి 6 మెగాహెర్ట్జ్ పైన ఉండే షార్ట్‌వేవ్ ప్రసారం, రెండోది 1 మెగాహెర్ట్జ్‌కు దగ్గర్లో ఉన్న మీడియంవేవ్ స్టేషన్. రెండు ఫ్రీక్వెన్సీలూ కాగితం మీద కూడితే సరిగ్గా దయ్యం కూర్చున్న చోటే. కానీ ఈ పెట్టెలో ఒక్కో బ్యాండుకు ఒక్కో బ్యాండ్‌పాస్ ఫిల్టర్ (ఆ బ్యాండును మాత్రమే లోపలికి రానిచ్చేది) ఉందని, రిలేలతో (కరెంటుతో కదిలే స్విచ్‌లతో) మారుతుందని మాన్యువల్ చెబుతోంది. 7 మెగాహెర్ట్జ్ ఫిల్టర్ దారిలో ఉంటే మీడియంవేవ్ స్టేషన్ ఏడీసీదాకా అంత బలంగా ఎలా వచ్చింది?

ఫిల్టర్ దారిలో లేదు కాబట్టి వచ్చింది.

నాకో అలవాటుంది. 10 మెగాహెర్ట్జ్ దగ్గర టైమ్ సిగ్నల్ స్టేషన్‌ను ఓ మూల చిన్న కిటికీలో తెరిచి ఉంచుతాను, ఆకాశం ఎలా ఉందో తెలుస్తుందని. ఒకేసారి రెండు బ్యాండ్లు వినగలగడం ఈ పెట్టె గొప్పల్లో ఒకటి. రెండో కిటికీ వేరే బ్యాండులో తెరవగానే ఒకే బ్యాండ్‌పాస్ ఫిల్టర్ రెండింటికీ సరిపోదు కదా, అందుకని పెట్టె ఫిల్టర్లన్నిటినీ పక్కకు తప్పించి యాంటెన్నాను నేరుగా ఏడీసీకి కలిపేస్తుంది. స్క్రీన్ మీద ఒక్క ముక్క చెప్పదు. చెప్పేది ఒక్కటే, పెట్టెలోంచి వచ్చే "టిక్" అనే రిలే చప్పుడు. శబ్దం మీద బతికినవాణ్ని, ఆ టిక్కును రెండు నెలలు రోజూ విన్నాను. ఒక్కసారీ అదేమిటని అడగలేదు.

కంపెనీకి రాశాను. మర్యాదగానే జవాబిచ్చారు. ఫిల్టర్లు తప్పుకోవడం లోపం కాదట, అలాగే రూపొందించారట. దీపం గురించి కూడా చెప్పారు: ఊరికే మినుకుమినుకుమంటే వాడేవాళ్లకు చిరాకని, గరిష్ఠ స్థాయి కొంతసేపు నిలిస్తేనే వెలిగేలా పెట్టారట. పెద్ద మ్యూజిక్ డెస్కుల మీద క్లిప్ దీపాన్ని సరిగ్గా తిరగేసి చేస్తారు. ఒక్క శాంపిల్ తెగినా దీపం పట్టుకుని కాసేపు వెలుగుతూనే ఉంటుంది, మనిషి కన్ను చూసేదాకా. చిరాకు పెట్టడమే దాని ఉద్యోగం. ఈ ఒక్క విషయంలో వీళ్లు రికార్డింగ్ వాళ్లను అడిగి ఉంటే బాగుండేది. మందు సెట్టింగుల మూడో పేజీలో అడుగున దొరికింది: మొదటి కిటికీ ఫిల్టర్‌ను వదలకుండా పట్టి ఉంచే ఆప్షన్. అది పెడితే 10 మెగాహెర్ట్జ్ కిటికీ నీరసంగా వినపడుతుంది, పరవాలేదు.

ఇక బిట్ల సంగతి. పెట్టె మీద 16 అని పెద్ద అక్షరాల్లో ఉంది. పాఠ్యపుస్తకం సూత్రం ప్రకారం బిట్ల సంఖ్యను 6.02తో గుణించి 1.76 కలిపితే అది ఇవ్వగల సిగ్నల్-నాయిస్ నిష్పత్తి వస్తుంది. 16కు 98 డెసిబెల్. ఈ వేగంతో పరుగెత్తే 16 బిట్ల ఏడీసీలు నిజంగా ఇచ్చేది 77, 78 దగ్గర. వెనక్కి లెక్కేస్తే నికరంగా పన్నెండున్నర బిట్లు. ఇది మోసం కాదు, వేగానికి కట్టే సుంకం. ఆ 77 కూడా మొత్తం 61.44 మెగాహెర్ట్జ్ వెడల్పులో పరుచుకున్న హోరుతో లెక్కించినది. నేను వినేది 500 హెర్ట్జ్ సందు. అంత పెద్ద మైదానంలో పడిన వానలో నా గిన్నెలోకి వచ్చేదెంత? 61.44 మెగాహెర్ట్జ్‌ను 500తో భాగిస్తే లక్షా 22 వేల 880, డెసిబెల్‌లో దాదాపు 51. రెండూ కలిపితే 128. దీన్నే ప్రాసెసింగ్ గెయిన్ అంటారు. కొత్త హోరు చేర్చకుండా, ఉన్న హోరులో మనది కాని భాగాన్ని పారబోయడం వల్ల వచ్చిన లాభం. సందు ఎంత సన్నగా ఉంటే అంత లాభం. అందుకే మోర్స్ వాళ్లకు ఈ పెట్టె ఇచ్చినంత లాభం మాటలు వినేవాళ్లకు ఇవ్వదు. 2400 హెర్ట్జ్ సందుకు అదే లెక్క 44 దగ్గర ఆగిపోతుంది.

ఈ పారబోత పని చేసేది ఎఫ్‌పీజీఏ. మొత్తం ప్రవాహాన్ని అలాగే కంప్యూటర్‌కు పంపితే సెకనుకు దాదాపు 2 గిగాబిట్లు, ఒక గిగాబిట్ కేబుల్లో పట్టదు. కాబట్టి లోపలే కావలసిన ఫ్రీక్వెన్సీని సున్నా దగ్గరకు దించి, వేగం తగ్గించి, ఫిల్టర్ చేసి పంపుతుంది. మొదటి దశలో వాడే సీఐసీ ఫిల్టర్ అంటే నాకు ముచ్చట. యూజీన్ హోగెనావర్ 1981లో ప్రచురించిన పద్ధతి. గుణకారాలు లేవు, ఉత్త కూడికలూ తీసివేతలే. అంచుల్లో కొంచెం వంగిపోతుంది, దాన్ని తర్వాతి ఫిల్టర్ సరిచేస్తుంది. ఈ పెట్టెలో ఆ సరిచేత బాగుంది. 384 కిలోహెర్ట్జ్ ముక్క తీసుకుంటే అడుగు హోరు దాదాపు కొసలదాకా గీత గీసినట్టు ఉంది.

బిట్లు తక్కువైతే ఏమవుతుందో నా దగ్గర పోల్చడానికి ఒకటుంది. టీవీ చూడటానికి తయారై, 2012 నుంచి హామ్‌ల చేతిలో రేడియోగా మారిన ఆర్‌టీఎల్2832యూ చిప్ డాంగిల్. 8 బిట్లు. సూత్రం ప్రకారం 50 డెసిబెల్, 500 హెర్ట్జ్ సందుకు మరో 37 కలుపుకున్నా కాగితం మీద 87. కాగితం మీద 87 అంటే మధ్యాహ్నం ఖాళీ బ్యాండులో చాలు, రాత్రి 7 మెగాహెర్ట్జ్‌లో చాలదు. ముందు మంచి ఫిల్టర్ పెట్టి, గెయిన్ చేత్తో సర్దితే మాత్రం ఆశ్చర్యపోయేంత వింటుంది. ఒక రాత్రి పరీక్షగా డాంగిల్‌ను 7 మెగాహెర్ట్జ్ ఫిల్టర్ వెనక, ఈ ఖరీదైన పెట్టెను రెండో కిటికీ తెరిచి ఫిల్టర్ లేకుండా పెట్టాను. 7.03 దగ్గర డాంగిలే శుభ్రంగా వినిపించింది. పెట్టె మీద కోపం ఆ రాత్రి పరాకాష్ఠకు చేరింది.

ఎవరైనా ఇలాంటిది కొంటే మొదటి రోజే చేయాల్సిన కొలత ఒకటి చెబుతాను, మీటర్లేమీ అక్కర్లేదు. యాంటెన్నా తీసి 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టర్) బిగించండి. స్టేషన్ లేని ఖాళీ చోట హోరు మట్టం రాసుకోండి. ఇప్పుడు యాంటెన్నా పెట్టండి. ఎంత పెరిగింది? నాకు రాత్రి 7 మెగాహెర్ట్జ్‌లో, ప్రీయాంప్ లేకుండానే, 18 డెసిబెల్ పెరిగింది. అంటే ఆకాశపు హోరు ముందు పెట్టె సొంత హోరు లెక్కలోకి రాదు. ఇక్కడ 10 డెసిబెల్ అటెన్యుయేటర్ వేస్తే సిగ్నల్ స్పష్టతలో నేను పోగొట్టుకునేది అర డెసిబెల్ పైచిలుకు. ఏడీసీకి దొరికేది 10 డెసిబెల్ ఊపిరి. ఇంతకంటే లాభమైన బేరం ఉండదు. అదే 28 మెగాహెర్ట్జ్‌లో యాంటెన్నా పెడితే 3 డెసిబెలే పెరిగింది. అక్కడ అదే అటెన్యుయేటర్ 7 డెసిబెల్ పైగా తినేస్తుంది, ప్రీయాంపే సరైన మందు. ఒకే మీట, రెండు బ్యాండుల్లో రెండు ఫలితాలు. చాలామంది దాన్ని ఎప్పటికీ ఒకేచోట వదిలేస్తారు, నేనూ వదిలేశాను. ఇప్పుడు 7లో అటెన్యుయేటర్ శాశ్వతం. ఎస్-మీటరు ముల్లు తక్కువ చూపిస్తుంది, నా చెవికి ఎక్కువ వినిపిస్తుంది.

జలపాతం కింద కనపడే హోరు మట్టం చూసి "నాది మైనస్ 140" అని మురిసేవాళ్లకు చిన్న మాట. ఎఫ్‌ఎఫ్‌టీ (సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీ గడులుగా విడదీసే లెక్క) సైజు రెట్టింపు చేసిన ప్రతిసారీ ఆ గీత 3 డెసిబెల్ కిందికి పోతుంది. గడులు సన్నబడ్డాయి, ఒక్కో గడిలో పడే హోరు తగ్గింది, అంతే. రిసీవర్ ఏమీ మారలేదు.

గురువుగారి దగ్గరకు పెట్టెను మోసుకెళ్లిన రోజు నాకు బాగా నచ్చిన రోజు. ఆయన దగ్గర రెండు క్రిస్టల్ ఆసిలేటర్లు (నిలకడైన టోన్ ఇచ్చేవి) ఉన్నాయి, స్వయంగా చేసినవి, డబ్బాల్లో మూసినవి. దయ్యాలు పుట్టకుండా ఏ సెట్టు ఎక్కువ తట్టుకుంటుందో చూద్దామని రెండిటినీ కలిపి ఒకే బలంతో రెండు సెట్లకూ ఇచ్చాం. మొదట టోన్ల మధ్య 20 కిలోహెర్ట్జ్ దూరం. ఆయన పాత సెట్టుదే పైచేయి, నా పెట్టె నాలుగైదు డెసిబెల్ వెనక. ఆయన మీసాల్లో నవ్వుకున్నారు. తర్వాత దూరం 2 కిలోహెర్ట్జ్‌కు తగ్గించాం. ఆయన సెట్టులో మొదటి ఫిల్టర్ వెడల్పు 6 కిలోహెర్ట్జ్, రెండు టోన్లూ లోపలికి దూరాయి, దయ్యాలు లేచాయి. నా పెట్టెలో ఏ మార్పూ లేదు. 20 అయినా 2 అయినా దానికి ఒకటే, ఎందుకంటే దగ్గరా దూరమూ అన్నీ ఎలాగూ ఏడీసీదాకా వస్తాయి, విడదీత అంతా అంకెల్లోనే. రిసీవర్లను కొలిచి పోల్చే అమెరికన్ ఇంజినీర్ రాబ్ షెర్‌వుడ్ 1970ల నుంచి నొక్కి చెప్పిన దగ్గరి దూరపు కొలత ఇదే, ఆయన రిసీవర్ల పట్టిక ఇప్పటికీ ఈ కొలత ప్రకారమే వరుసలో ఉంటుంది. పోటీల రోజుల్లో బలమైన స్టేషన్ 2 కిలోహెర్ట్జ్ పక్కనే కూర్చుంటుంది కానీ 20 దూరంలో మర్యాదగా కూర్చోదు.

"అయితే నేనూ కొనాలంటావా?" అన్నారు గురువుగారు. ఏం చెప్పాలో తోచక నీళ్లు నమిలాను. "వద్దులే, ఈ వయసులో కిటికీలు లెక్కపెట్టలేను" అని ఆయనే తేల్చేశారు.

దగ్గరి దూరంలో మిగిలే ఒకే శత్రువు గడియారం. శాంపిల్ తీసే క్షణం కొంచెం అటూ ఇటూ ఊగితే పక్క స్టేషన్ బలం హోరుగా మారి మన మీద చిందుతుంది. 30 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌కు ఒక్క పికోసెకను వణుకు చాలు, ఏ ఏడీసీ పెట్టినా 74.5 డెసిబెల్ దాటనివ్వదు. ఈ పెట్టె గడియారం మంచిదే. పక్క స్టేషన్ ఎంత అరిచినా నాకు ముందు వినపడేది వాళ్ల ట్రాన్స్‌మిటర్ మురికే. ఆన్ చేశాక ఇరవై నిమిషాలు కొన్ని హెర్ట్జ్ జరుగుతుంది, తర్వాత కదలదు.

సాఫ్ట్‌వేర్ ప్రాసెసింగ్ గురించి నా వృత్తి చెవితో చెబుతాను. ఫిల్టర్లు అద్భుతం. గోడ కట్టినట్టు అంచులు. కానీ గోడ ఎంత నిటారుగా ఉంటే ఆలస్యం అంత ఎక్కువ. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 4096 మెట్ల ఫిల్టర్ ఒక్కటే దాదాపు 43 మిల్లీసెకన్లు తింటుంది. మిగతా బఫర్లు కలిపి నా దగ్గర మొత్తం 150 వచ్చింది. నిమిషానికి 25 పదాల మోర్స్‌లో ఒక చుక్క నిడివి 48 మిల్లీసెకన్లు. అంటే నా పంపకాన్ని నేనే ఈ పెట్టెలో వింటే మూడు చుక్కల వెనక ప్రతిధ్వని, చేయి తడబడుతుంది. పంపేటప్పుడు దీన్ని మ్యూట్ చేసి ట్రాన్స్‌మిటర్ సొంత టోన్ వినడమే మార్గం. తక్కువ ఆలస్యం ఫిల్టర్ ఆప్షన్ కూడా ఉంది, 60కి దిగుతుంది, అంచులు కాస్త వాలుగా ఉంటాయి. నేను దాన్నే వాడుతున్నాను. 50 హెర్ట్జ్ సందు పెడితే ప్రతి చుక్కా గంట కొట్టినట్టు మోగుతూ తర్వాతి చుక్కలోకి కారుతుంది. 300 హెర్ట్జ్ పెట్టి మిగతా పని మెదడుకు వదిలేయండి, దానికి మించిన ఫిల్టర్ లేదు.

ఏజీసీ (సిగ్నల్ బలాన్ని బట్టి గెయిన్‌ను తనంతట తానే సర్దేది) బాగుంది, ఫిల్టర్ తర్వాత పనిచేస్తుంది కాబట్టి పక్క స్టేషన్ కీ నొక్కినప్పుడల్లా నా స్టేషన్ కుంగిపోదు. నాయిస్ రిడక్షన్ రెండు రకాలు. ఒకటి మెత్తగా హోరును తగ్గిస్తుంది, రెండోది మనిషి నీళ్లలో మునిగి మాట్లాడుతున్నట్టు చేస్తుంది. రెండోది ఆన్ చేసి ఐదు నిమిషాలు భరించినవాళ్లకు నా నమస్కారం. ఏది వాడినా మరీ బలహీనమైన సిగ్నల్ అర్థమయ్యే అవకాశం పెరగలేదు, అలసట తగ్గింది. అదీ చిన్న విషయం కాదు. నాయిస్ బ్లాంకర్ (టపటపలను కోసేసేది) మాత్రం సరైన చోట, సన్నటి ఫిల్టర్ కంటే ముందు, వెడల్పు సందులో పనిచేస్తోంది. ఫిల్టర్ దాటాక టపటపలు సాగి ముద్దవుతాయి, అప్పుడు కోసినా లాభముండదు. మోటారు చప్పుళ్లు తుడిచిపెట్టుకుపోయాయి.

చిల్లర ఫిర్యాదులు: పెట్టెతో ఇచ్చిన పవర్ అడాప్టరే 3.5 మెగాహెర్ట్జ్‌లో బరబరమంటుంది, మార్చేశాను. నెట్‌వర్క్ కేబుల్‌కు ఫెరైట్ రింగులు తప్పనిసరి. కేసు వేడెక్కుతుంది, ఫ్యాన్ లేదు, నాకు ఫ్యాన్ లేకపోవడమే ఇష్టం. మాన్యువల్లో ఫిల్టర్లు తప్పుకునే సంగతి ఒక పట్టికలో చిన్న అక్షరాల్లో ఉంది, కథ తెలిశాక వెతికితే కనపడింది.

రాత్రి బ్యాండుల్లో మోర్స్ వినేవాళ్లయితే, ఏడీసీ ముందు ఏముందో పట్టించుకునే ఓపిక ఉంటే, కొనండి. పెట్టి మరిచిపోయే రకమైతే గురువుగారి సెట్టు లాంటిది వెతుక్కోండి. నేనైతే దీన్ని అమ్మేయను. ఎర్ర దీపం మీద నల్ల టేపు అంటించాను, ఎలాగూ పనికిరాదు కదా అని. టేపు మీద తెల్ల పెన్నుతో రాసుకున్నాను: "రెండో కిటికీ మూశావా?"